కార్డు ఇచ్చారు సరే, దారి చెప్పేదెవరు?

ఆరోగ్యశ్రీ గురించి మాట్లాడమంటే మనవాళ్ళు రెండే విషయాలు మాట్లాడతారు. ఒకటి దాని పేరు, రెండోది ఆసుపత్రులకి ప్రభుత్వం పడ్డ బకాయి. పేరు గొడవలోకి నేను దూరను. 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీ అన్నారు. రాష్ట్రం విడిపోయాక 2014లో మన వైపు ఎన్.టి.ఆర్. వైద్య సేవ అయింది, 2019లో డాక్టర్ వై.ఎస్.ఆర్. ఆరోగ్యశ్రీ అయింది, 2024లో మళ్ళీ ఎన్.టి.ఆర్. వైద్య సేవ అయింది. బోర్డులు రాసే పెయింటర్లకి మాత్రం పని దొరికింది :)

బకాయిల గురించి పేపర్లు ఎటూ రాస్తూనే ఉంటాయి. నేను ఈ టపాలో చెప్పాలనుకున్నది మూడో విషయం. ఆసుపత్రిలోకి వెళ్ళగానే ఒక మూల చిన్న బల్ల, దాని మీద ఒక కంప్యూటర్, ఆ వెనకాల కుర్చీలో ఒకమ్మాయో అబ్బాయో కనపడతారు చూడండి, ఆరోగ్యమిత్ర. నా దృష్టిలో ఆ పథకం మొత్తంలో అసలైన కొత్త ఆలోచన ఆ కుర్చీయే. డబ్బులిచ్చే పథకాలు అంతకు ముందూ ఉన్నాయి. దారి చెప్పడానికి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టడం మాత్రం మన దగ్గర అప్పుడే ఆ స్థాయిలో జరిగింది. కానీ ఆ ఆలోచనని మనం సగంలోనే ఆపేశాం. అదే నా బాధ.

ముందు ఏముండేదో చూద్దాం.

మాది మైలవరం. ఇప్పుడు ఎన్.టి.ఆర్. జిల్లా, 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లా. బయటివాళ్ళకి మా ఊరు తెలిస్తే ఇంజినీరింగ్ కాలేజీ వల్లే తెలుస్తుంది. విజయవాడ నుంచి ఇబ్రహీంపట్నం, కొండపల్లి, జి.కొండూరు మీదుగా తిరువూరు వెళ్ళే రోడ్డు మీద ఉంటుంది. మా వైపు మనిషికి జబ్బు చేస్తే మజిలీలు ఎప్పుడూ ఒకటే. ముందు ఊళ్ళో ఆర్.ఎం.పి. డాక్టరు, తర్వాత ప్రభుత్వాసుపత్రి, అక్కడ కుదరకపోతే విజయవాడ బస్సు. నెహ్రూ బస్టాండులో దిగి ఆటో ఎక్కితే సూర్యారావుపేట. అక్కడ వీధికి ఇన్ని ఆసుపత్రులు, మెట్టుకి ఇన్ని బోర్డులు. అంతకీ లొంగని జబ్బయితే హైదరాబాదులో నిమ్స్, ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రి. కాస్త చేతిలో డబ్బుంటే రైలెక్కి వెల్లూరు.

అన్ని బోర్డుల మధ్య ఏ మెట్లు ఎక్కాలో చెప్పేది ఎవరు? ఎప్పుడూ ముగ్గురే. మొదటివాడు ఆర్.ఎం.పి. ఆయనకి మన ఇంట్లో అందరి పేర్లూ తెలుసు, అర్ధరాత్రి తలుపు కొట్టినా లేస్తాడు, పేషెంటుతో పాటు విజయవాడ దాకా వస్తాడు కూడా. కానీ ఏ ఆసుపత్రికి తీసుకెళ్తే ఎంత కమీషన్ అనే లెక్క కూడా చాలామందికి ఉండేది. రెండో మనిషి ఆసుపత్రిలో పనిచేసే చుట్టం. కాంపౌండరో, ల్యాబు టెక్నీషియనో, వార్డుబాయో, ఎవరో ఒకరు. 'మావాడు అక్కడ చేస్తాడు' అన్న మాటకి డాక్టరు డిగ్రీ కంటే విలువ ఎక్కువ. మూడో మనిషి రాజకీయాల్లో తిరిగేవాడు. ఎమ్మెల్యే గారి లెటరు తెచ్చిపెట్టేవాడు.

ఆ లెటరు ఎందుకంటే ముఖ్యమంత్రి సహాయ నిధి కోసం. ఆసుపత్రి నుంచి ఖర్చు అంచనా తేవాలి, రేషన్ కార్డు జిరాక్సు, ఆదాయ ధ్రువపత్రం, ఎమ్మెల్యే సిఫారసు అన్నీ కలిపి హైదరాబాదు సచివాలయంలో ఇవ్వాలి. 2004 మే 14 నుంచి 2007 జూన్ 26 వరకు ఆ నిధి నుంచి ఆసుపత్రి ఖర్చులకి 55,362 మందికి 168.52 కోట్లు ఇచ్చినట్టు ఆరోగ్యశ్రీ ట్రస్టు లెక్క. సగటున మనిషికి 30 వేల పైచిలుకు. ఆ రోజుల్లో అది తక్కువ డబ్బేమీ కాదు. కానీ ఆ 55 వేల మందీ ఎవరు? ఆ దారి తెలిసినవాళ్ళు, లేదా దారి తెలిసినవాడు తెలిసినవాళ్ళు. జబ్బు తీవ్రతని బట్టి కాకుండా పరిచయాన్ని బట్టి క్యూ కదిలేది. గుండె ఆపరేషన్ కావాల్సిన కూలీ మనిషి మైలవరం నుంచి సచివాలయం గేటు దాకా వెళ్ళడం అంటే ఆపరేషన్ కంటే కష్టం.

ఇక్కడ ఒక్కసారి న్యూయార్క్ దాకా వెళ్ళొద్దాం. ఎందుకంటే ఇదే ప్రశ్నకి అక్కడ ఒక సర్జను ముందే జవాబు వెతికాడు.

ఆయన పేరు హెరాల్డ్ ఫ్రీమన్. హార్లెం ఆసుపత్రిలో కేన్సర్ సర్జను. హార్లెం అంటే నల్లజాతి పేదలు ఎక్కువగా ఉండే ప్రాంతం. 1964 నుంచి 1986 వరకు అక్కడ చికిత్స పొందిన 606 మంది రొమ్ము కేన్సర్ పేషెంట్ల రికార్డులు చూస్తే, ఐదేళ్ళు బతికినవాళ్ళు 39 శాతమే. దాదాపు సగం మంది జబ్బు ముదిరాకే వచ్చారు. 1979లోనే ఆయన ఉచిత పరీక్షల కేంద్రాలు పెట్టించాడు. అయినా సరిపోలేదు. పరీక్షలో తేడా ఉందని తేలినవాళ్ళు కూడా ఆపరేషన్ బల్ల దాకా చేరేలోపు ఎక్కడో తప్పిపోతున్నారు. ఇన్సూరెన్స్ లేక కొందరు, కాగితాలు అర్థంకాక కొందరు, పిల్లల్ని చూసేవాళ్ళు లేక కొందరు, భయంతో కొందరు.

1989లో అమెరికన్ కేన్సర్ సొసైటీ అధ్యక్షుడిగా ఆయన దేశంలో ఏడు నగరాల్లో పేద కేన్సర్ రోగుల్ని పిలిచి వాళ్ళ నోటే వినిపించాడు. ఆ మరుసటి ఏడాది, 1990లో, హార్లెంలో ఒక పని మొదలుపెట్టాడు. పరీక్షలో అనుమానం వచ్చిన ప్రతి మనిషికీ ఒక తోడు మనిషిని ఇవ్వడం. ఆ తోడు డాక్టరు కాదు, నర్సు కూడా కానక్కర్లేదు. అదే పేటలో పెరిగి, ఆ ఆసుపత్రి గదులన్నీ తెలిసిన మనిషయితే చాలు. పేషెంటుని అనుమానం దగ్గర నుంచి చికిత్స పూర్తయ్యేదాకా చెయ్యి వదలకుండా నడిపించడమే పని. 1995 నుంచి 2000 వరకు వచ్చిన 325 మంది లెక్క తీస్తే ఐదేళ్ళు బతికినవాళ్ళు 70 శాతం. ఇందులో ఉచిత పరీక్షల వాటా కూడా ఉంది, మొత్తం గొప్ప తోడు మనుషులకే ఇవ్వకూడదు. కానీ ఈ మార్పు కోసం వాళ్ళు కొత్త మందేమీ కనిపెట్టలేదు, అది గుర్తుపెట్టుకోండి. 2005లో అమెరికా ప్రభుత్వం ఈ పద్ధతికి చట్టమే చేసింది.

సరే, మన దగ్గరికి వద్దాం. 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. తెల్ల రేషన్ కార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే ఇంకో 50 వేలు. విడతలవారీగా పెంచుకుంటూ 2008 జూలై 17న మా కృష్ణా జిల్లాతో సహా మిగిలిన 10 జిల్లాలకీ తెచ్చారు. చికిత్సల జాబితా 942కి చేరింది. ఫ్రీమన్‌ని చూసి మనవాళ్ళు చేశారని నేననను. కానీ అదే సమస్య ఎదురైనప్పుడు అదే జవాబు వచ్చింది.

మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్తా. ఆరోగ్యశ్రీ అంటే ఒక పెద్ద వర్క్‌ఫ్లో సిస్టమ్. పేషెంటు రిజిస్ట్రేషన్, పరీక్షలు, ప్రీ-ఆథరైజేషన్ రిక్వెస్ట్, ట్రస్టు డాక్టర్ల అప్రూవల్, ఆపరేషన్, డిశ్చార్జి, క్లెయిము. ప్రతి అడుగుకీ స్కానింగు, ఫొటో, అప్‌లోడ్ ఉంటాయి. మరి దీని యూజర్ ఎవరు? చదువు రాని, జబ్బుతో ఉన్న, భయపడుతున్న మనిషి. అంత సంక్లిష్టమైన సిస్టమ్‌ని ఆ యూజర్ చేతికి ఇస్తే ఏ ప్రాజెక్టయినా మొదటి వారంలోనే మూతపడుతుంది. దాన్ని కట్టినవాళ్ళు చేసిన తెలివైన పని ఏంటంటే, యూజర్‌కి లాగిన్ ఇవ్వలేదు. మనిషిని ఇచ్చారు.

ఆ మనుషుల్ని ఎక్కడ నుంచి తెచ్చారో కూడా చూడండి. జిల్లా సమాఖ్యల ద్వారా, అంటే డ్వాక్రా సంఘాల నెట్‌వర్క్ సాయంతో నియమించారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, ఏరియా ఆసుపత్రుల్లో, జిల్లా ఆసుపత్రుల్లో, పథకంలో చేరిన ప్రైవేటు ఆసుపత్రుల్లో కూర్చోబెట్టారు. అందరికీ ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా సెల్‌ఫోన్లు ఇచ్చారు. ఊరి దగ్గర ఉన్న మిత్ర పేషెంటుని హెల్త్ క్యాంపుకో పెద్దాసుపత్రికో పంపిస్తే, అక్కడి మిత్ర ఎదురొచ్చి తీసుకుంటుంది. ఆసుపత్రి గుమ్మం దగ్గర నిలబడి మన తరఫున మాట్లాడడానికి, ఆసుపత్రి జీతం తీసుకోని ఒక మనిషి. పాత ముగ్గురు దారి చూపేవాళ్ళు చేసే పనే, కమీషన్ లేకుండా, లెటరు లేకుండా.

ఆ కుర్చీ ఇంకో పనికి కూడా వచ్చింది. కాపలా. ఆపరేషన్‌కి ఇంత అని ప్యాకేజీ ఇస్తే అవసరం లేని ఆపరేషన్లు చేసే ఆసుపత్రులు ఉంటాయి. గర్భసంచి ఆపరేషన్ల మీద అప్పట్లో వచ్చిన గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. 2011లో 133 చికిత్సల్ని ప్రభుత్వాసుపత్రులకే పరిమితం చేశారు. అయితే ఇక్కడే చిక్కు. రోజంతా అదే ఆసుపత్రిలో, అదే సిబ్బందితో, వాళ్ళిచ్చిన బల్ల దగ్గర కూర్చుని వాళ్ళ మీదే కాపలా కాయాలంటే మామూలు విషయం కాదు. కొందరు కాశారు, కొందరు కలిసిపోయారు.

కాసినవాళ్ళలో ఒకమ్మాయిని నేను చూశాను. 2016లో మా పెదనాన్నకి స్టెంట్ వేయాల్సొచ్చింది, విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. అప్పటికి పేరు వైద్యమిత్ర. బిల్లింగ్ కౌంటర్‌లో ఏదో పరీక్షకి విడిగా డబ్బు కట్టమన్నారు. పెదనాన్న జేబులో చెయ్యి పెట్టేలోపే ఆ అమ్మాయి లేచి వచ్చి, "ఆగండి బాబాయ్‌గారూ, అది ప్యాకేజీలోదే, మీరు కట్టక్కర్లేదు" అంది. తర్వాత కౌంటర్ దగ్గరికి వెళ్ళి నెమ్మదిగా ఏదో మాట్లాడింది. డబ్బు అడగడం ఆగిపోయింది. డిశ్చార్జి రోజు మందుల చీటీ మా పెద్దమ్మ చేతిలో పెట్టి, ఏ మాత్ర ఆపకూడదో దాని మీద పెన్నుతో గుండ్రంగా చుట్టి, "పిన్నిగారూ, బాగుంది కదా అని ఇది మానేస్తారు చాలామంది, మానకండి" అని రెండుసార్లు చెప్పింది. నేను అప్పుడు ఇంజినీరింగ్ చదువుతున్నా. ఫైలంతా చదివినా నాకు ఆ ముక్క తట్టి ఉండేది కాదు.

ఈ కుర్చీ మన రాష్ట్రం దాటి వెళ్ళింది. కర్ణాటకలో వాజపేయి ఆరోగ్యశ్రీలో, మహారాష్ట్రలో 2012లో మొదలైన రాజీవ్ గాంధీ జీవన్‌దాయీ యోజనలో ఆరోగ్యమిత్రల్ని పెట్టారు. 2018 సెప్టెంబర్ 23న కేంద్రం ఆయుష్మాన్ భారత్ మొదలుపెట్టినప్పుడు ప్రతి ఎంప్యానెల్డ్ ఆసుపత్రిలో ప్రధాన మంత్రి ఆరోగ్య మిత్ర ఉండాలన్నారు. పథకాల పేర్లు మారాయి, పార్టీలు మారాయి, మిత్ర అన్న మాట నిలిచింది.

మరి సగంలో ఆపేశాం అన్నానే, అదేంటి?

మైలవరం నుంచి తిరువూరు రోడ్డు మీద కొంచెం ముందుకెళ్తే ఎ.కొండూరు మండలం వస్తుంది. అక్కడ లంబాడీ తండాల్లో ఏళ్ళ తరబడి కిడ్నీ జబ్బు ఉంది. ఉద్దానం పేరు అందరికీ తెలుసు. అక్కడికి 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి కూడా వచ్చింది. ఎ.కొండూరు పేరు మన జిల్లా దాటితే ఎవరికీ పెద్దగా తెలీదు. తాగే నీళ్ళ మీద అనుమానం చాలా కాలంగా ఉంది.

ఆ తండాలో ఒక మనిషికి కిడ్నీ పాడైందనుకోండి. ఏమేం చెయ్యాలో రాస్తా, లెక్కపెట్టుకోండి. నెఫ్రాలజిస్టుని కలవాలి. చేతికి ఫిస్టులా ఆపరేషన్ చేయించుకోవాలి. డయాలసిస్‌కి స్లాటు దొరకాలి. వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. 2019 నుంచి డయాలసిస్ పేషెంట్లకి నెలకి 10,000 పెన్షన్ ఇస్తున్నారు, దానికి కాగితాలు కావాలి. కిడ్నీ మార్పిడి ఆలోచన ఉంటే జీవన్‌దాన్‌లో పేరు రాయించాలి. రక్తం తగ్గితే ఇంజెక్షన్లు, తిండిలో పథ్యం. మెషీను దగ్గర్లో దొరికినా మిగతా పనుల కోసం విజయవాడ రావాల్సిందే. 50 కిలోమీటర్ల పైమాట. తోడు వచ్చే మనిషికి ఆ రోజు కూలి పోతుంది.

ఇందులో ఆసుపత్రి బల్ల దగ్గర కూర్చున్న మిత్ర చూసేది ఎన్ని? కార్డు, అప్రూవల్. మహా అయితే స్లాటు. మిగతావన్నీ ఎవరి పని? ఏ.ఎన్.ఎం.కి కొంత, ఆశా కార్యకర్తకి కొంత, సచివాలయానికి కొంత. అందరికీ తలా ఒక ముక్క ఉంది, మనిషి మొత్తంగా ఎవరి లిస్టులోనూ లేడు. ఆరోగ్య కేంద్రంలో మిత్ర ఉన్నా, పేషెంటు ఆ గుమ్మం దాకా వస్తేనే కదా. మూడు వారాలు డయాలసిస్‌కి రావడం మానేసిన మనిషి సిస్టమ్‌లో ఎక్కడా ఎర్రగా వెలగడు. క్లెయిము పెట్టలేదు కాబట్టి ఆ వారం అతను లేనట్టే.

మనకి ఇది తెలియనిది కాదు. సపోర్ట్ ప్రాజెక్టుల్లో పనిచేసినవాళ్ళకి మరీ బాగా తెలుసు. టికెట్ క్లోజ్ అవుతుంది, కస్టమర్ ప్రాబ్లెమ్ క్లోజ్ అవదు. ఆరోగ్యశ్రీ మొదటి నుంచీ చికిత్సని టికెట్‌గా చూసింది. గుండె ఆపరేషన్‌కి అది సరిపోయింది, ఎందుకంటే దానికి మొదలూ చివరా ఉన్నాయి. తర్వాత 125 చికిత్సలకి ఫాలో-అప్ ప్యాకేజీలు పెట్టారు. 2019 డిసెంబర్ నుంచి కోలుకునే కాలానికి రోజుకి 225 రూపాయల చొప్పున భృతి కూడా ఇచ్చారు. మంచివే. కానీ కిడ్నీ, కేన్సర్, పక్షవాతం లాంటివి టికెట్లు కావు. అవి ఏళ్ళ తరబడి నడిచే ప్రాజెక్టులు. ఆ ప్రాజెక్టుకి మేనేజర్ లేడు.

ఫ్రీమన్ తోడు మనిషికీ మన మిత్రకీ తేడా సరిగ్గా ఇక్కడే. అక్కడ తోడుని పేషెంటుకి ఇచ్చారు. ఇక్కడ మిత్రని ఆసుపత్రికి ఇచ్చారు. పేషెంటు గేటు దాటగానే మిత్ర పని అయిపోయింది, పక్క ఆసుపత్రిలో వేరే మిత్ర, మళ్ళీ మొదటి నుంచి కథ చెప్పాలి.

'అంతా ఆన్‌లైన్ అయిపోతోంది కదా, ఒక మంచి యాప్ చేస్తే పోలా' అని మనలో చాలామందికి అనిపిస్తుంది. వృత్తి అలాంటిది మరి. యాప్ వద్దనను. పేషెంటు ఫైలు ఒకచోట ఉంటే ఎంత లాభమో నాకూ తెలుసు. కానీ 2004–2007 లెక్క చూశాం కదా. డబ్బు ఉంది, పథకం ఉంది, దారి తెలిసినవాడికే అందింది. యాప్ కూడా అంతే, వాడడం తెలిసినవాడినే ముందు నిలబెడుతుంది. మన ఇళ్ళలో చూడండి. ఊళ్ళో ఎవరికి పెద్ద జబ్బు చేసినా రిపోర్టులు ఫొటో తీసి వాట్సాప్‌లో ఎవరికి పంపుతారు? హైదరాబాదులోనో బెంగుళూరులోనో డల్లాస్‌లోనో ఉన్న మనకే. ఏ డాక్టరు, ఏ ఆసుపత్రి, ఈ ఖర్చు న్యాయమేనా అని అడుగుతారు. అంటే ఆ పాత ముగ్గురి పక్కన నాలుగో మనిషిగా మనం చేరాం. ఇంట్లో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఉన్న కుటుంబానికి దారి దొరుకుతుంది. తండాలో ఆ కుటుంబం ఏం చెయ్యాలి?

నాకు తోచింది చెప్తా. దీర్ఘకాలం నడిచే జబ్బులకి మిత్రని ఆసుపత్రికి కాకుండా పేషెంటుకి కేటాయించాలి. మండలానికి ఇద్దరో ముగ్గురో చాలు, కానీ వాళ్ళ లిస్టులో పేర్లు ఉండాలి, ఈ వారం ఎవరు రాలేదో వాళ్ళకి తెలియాలి, తెలిస్తే ఇంటికి వెళ్ళాలి. ఆ తండా భాష వచ్చిన అమ్మాయినో అబ్బాయినో తీసుకుంటే ఇంకా మంచిది. రెండోది, మిత్రలకి సరైన జీతం. జీతాలు పెంచమని రెండు రాష్ట్రాల్లోనూ వాళ్ళు రోడ్డెక్కిన సందర్భాలున్నాయి. 25 లక్షల దాకా వైద్యం అని 2023 డిసెంబర్‌లో పరిమితి పెంచారు, సంతోషం. ఆ 25 లక్షల దగ్గరికి దారి చూపే మనిషి జీతం గురించి మాత్రం ఎవరూ పెద్దగా ప్రకటన ఇవ్వరు.

అది జరిగేదాకా మనం చెయ్యగలిగేవి కొన్ని ఉన్నాయి. ఊరి నుంచి అలాంటి ఫోన్ వస్తే, ఏ ఆసుపత్రి అని గూగుల్ చేసే ముందు మిత్రని కలిశారా అని అడగండి. పేరు, ఫోన్ నంబరు రాసుకోమనండి. ఏ చికిత్స ప్యాకేజీలో ఉందో, ఏది లేదో డబ్బు కట్టకముందే మిత్ర చేత చెప్పించమనండి. మన రాష్ట్రంలో అయితే 104కి కూడా చెయ్యొచ్చు. డిశ్చార్జి సమ్మరీ, మళ్ళీ రావాల్సిన తేదీ లేకుండా ఆసుపత్రి నుంచి కదలొద్దని చెప్పండి. ఆ తేదీని మీ క్యాలెండర్‌లో పెట్టుకుని ముందు రోజు మీరే ఫోన్ చెయ్యండి. ఇంట్లోవాళ్ళకే కాదు, మీ ఇంట్లో పనిచేసినవాళ్ళకీ, పొలం చేసినవాళ్ళకీ కూడా. నెలకి ఒక అరగంట పని, అంతే.

మీ మండలంలో ఆ కుర్చీలో కూర్చునేది ఎవరో మీకు తెలుసా? తెలిస్తే వాళ్ళు ఎలా చేస్తున్నారో రాయండి. బాగా చేస్తున్నవాళ్ళ గురించి అయితే తప్పకుండా రాయండి, వాళ్ళ గురించి రాసేవాళ్ళే లేరు.